ఒకే ఇంట్లో మూడు పాస్‌బుక్కులు

(సహకార వారోత్సవాల్లో ఒక మండల కేంద్రంలో పొదుపు సమితులు, పాల సంఘాలు, వ్యవసాయ సొసైటీ సభ్యులు కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చకుండా ఇస్తున్నాం.)

వేదిక మీది పెద్దలకు, పొదుపు సమితుల నుంచి వచ్చిన అక్కలకు, చెల్లెళ్లకు, పాల కేంద్రాల కార్యదర్శులకు, సింగిల్ విండో, అంటే వ్యవసాయ సొసైటీ, డైరెక్టర్లకు, కుర్చీలు చాలక వెనకాల నిలబడ్డ తమ్ముళ్లకు నమస్కారం.

నవంబర్ 14 వచ్చిందంటే మనకు అలవాటైన కార్యక్రమం ఒకటుంది. ఏడు రంగుల జెండా ఎగరేస్తాం, ప్రతిజ్ఞ చదువుతాం, జిల్లా సహకార అధికారి (డీసీఓ) ఆఫీసు నుంచి వచ్చిన సారు సహకారం గొప్పతనం చెప్తారు, టిఫిన్ తిని ఇంటికి పోతాం. (నవ్వులు) నవ్వకండి, నేనూ అట్లాంటి సభల్లో చాలా టిఫిన్లే తిన్నాను. నేను ఆడిట్ పని చేసినవాణ్ణి. సంఘాల పుస్తకాలు చదవడమే నా ఉద్యోగం. అందుకని గొప్పతనం జోలికి పోను. పుస్తకాల్లో కనబడ్డది చెప్తాను.

మీ ఊళ్లల్లో ఒక ఇల్లు తీసుకోండి. అత్త పొదుపు సమితిలో ఉంది. కోడలు పాల సంఘంలో ఉంది. కొడుకు సొసైటీలో ఉన్నాడు. గోడకు మేకు, మేకుకు ప్లాస్టిక్ సంచి, సంచిలో మూడు పాస్‌బుక్కులు. ఆ మూడు పుస్తకాలూ ఒకే సంచిలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వాటి వెనకున్న మూడు సంఘాలకు మాత్రం ఒకదాని ముఖం ఒకటి తెలియదు.

తెలియకపోతే ఏమవుతుందో చూడండి. పొదుపు సమితిలో పంట చేతికొచ్చిన నెలల్లో అప్పు అడిగేవాళ్లు తగ్గుతారు. డబ్బు మిగులుతుంది. తీసుకెళ్లి బ్యాంకులో వేస్తారు, బ్యాంకు ఇచ్చినంత వడ్డీ తీసుకుంటారు. అదే నెలలో అదే ఊరి పాల సంఘం, కూలర్ రిపేరుకో కొత్త క్యాన్లకో డబ్బు చాలక బయట అప్పు కోసం తిరుగుతుంటుంది. సొసైటీకి రైస్ మిల్లు ఉంటే, దాని తవుడు వ్యాపారి లారీ ఎక్కుతుంది. వ్యాపారి దాన్ని దాణా తయారుచేసేవాడికి అమ్ముతాడు. రంగు సంచిలో దాణా అయ్యి మళ్లీ అదే ఊరికొస్తుంది. కొడుకు పండించిన వడ్ల తవుడును కోడలు తన బర్రె కోసం కొనుక్కుంటుంది, మధ్యలో నలుగురి లాభం కలుపుకుని. ఎవరూ మోసం చెయ్యలేదు. మూడు సంఘాల ఆడిటూ శుభ్రంగానే ఉంటుంది. అయినా ఊరి డబ్బు ఊరు దాటిపోయింది. ఒక్కో సంఘం పుస్తకాన్ని విడిగా చదివితే ఈ నష్టం ఎక్కడా కనబడదు. మూడూ పక్కపక్కన పెడితేనే కనబడుతుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. సంఘాలు సభ్యులను కలిపాయి, సంతోషం. ఇక సంఘాలు ఒకదానితో ఒకటి కలవాలి.

అది అయ్యే పనేనా అని అడుగుతారు. అమూల్ గురించి మీకు తెలుసు, చిన్నప్పటి నుంచి వింటున్నారు, దాన్ని వదిలేస్తాను. మన దగ్గరి మాటే చెప్పుకుందాం. ముల్కనూరు.

భీమదేవరపల్లి మండలం. నిన్నమొన్నటిదాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ. 1956లో అక్కడ అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారు ఊరి రైతులను కూడగట్టి సహకార సంఘం పెట్టారు. అందరూ ముల్కనూరు బ్యాంకు అంటారు గానీ దాని పేరులోనే అసలు కిటుకు ఉంది: పరపతి, మార్కెటింగ్ సంఘం. అంటే అప్పు ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు. విత్తనం, ఎరువు ఇచ్చింది. పంట కొన్నది. మిల్లాడించింది. అమ్మింది.

ఈ లంకె ఎంత ముఖ్యమో ఆడిట్ చేసినవాడికి తెలుస్తుంది. ఒట్టి అప్పు ఇచ్చే సొసైటీలో వసూలు అనేది యుద్ధం. మార్చి నెలలో కార్యదర్శి బండేసుకుని ఇళ్ల చుట్టూ తిరుగుతాడు, రైతు పొలం గట్టున దాక్కుంటాడు. పంట కూడా సంఘమే కొంటే ఆ తలనొప్పి చాలావరకు పోతుంది. వడ్లు తూకం వేశాక అప్పు మినహాయించుకుని మిగతాది చేతికిస్తారు. రైతుకూ టెన్షన్ లేదు, కార్యదర్శికీ లేదు. పైగా సంఘానికి రైతు పంట బాగుండాలని స్వార్థం పుడుతుంది. తను అమ్మాల్సిన వడ్లు కదా. మంచి విత్తనం ఎందుకు తెచ్చింది ముల్కనూరు? సభ్యుల మీద ప్రేమ ఉండొచ్చు, కాదనను. కానీ మంచి విత్తనం వేస్తేనే మంచి ధాన్యం వస్తుంది, మంచి ధాన్యం వస్తేనే మిల్లు నడుస్తుంది. తర్వాత్తర్వాత విత్తనమే ఒక వ్యాపారమైంది. సభ్యులే విత్తన వడ్లు పండిస్తారు, సంఘం శుద్ధి చేసి సంచుల్లో నింపి బయటి జిల్లాలకు అమ్ముతుంది. ఇన్నేళ్లయినా అది పనిచేసేది చుట్టుపక్కల 14 గ్రామాల్లోనే. రాష్ట్రమంతా బ్రాంచీలు తెరవలేదు. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు. అధ్యక్షుడికి సభ్యుడి పొలం తెలిసినంత దూరం వరకే సంఘం సంఘంగా ఉంటుంది. ఆ గీత దాటితే అది కంపెనీ అవుతుంది, పేరు ఏదైనా.

ఇప్పుడు రెండో భాగం. ఇది మన అక్కలకు బాగా తెలుసు, కొందరు స్వయంగా చూసినవాళ్లే ఉంటారు. 1990ల మొదట్లో పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో ఆడవాళ్ల పొదుపు సమితులు మొదలయ్యాయి. హైదరాబాద్‌లోని సహకార అభివృద్ధి సంస్థ, అదే సీడీఎఫ్, వాటి వెనక నిలబడింది. సర్కారు డబ్బు లేదు, బయటి గ్రాంటు లేదు. నెలకు పదో ఇరవయ్యో సభ్యురాలే కట్టాలి, ఆ డబ్బు నుంచే అప్పు. అప్పట్లో ఆఫీసర్లు నవ్వారు. పది రూపాయలతో ఏ సంసారం బాగుపడుతుంది అన్నారు.

సంసారం సంగతి తర్వాత. ఆ పది రూపాయల వల్ల ముందు ఒక అలవాటు వచ్చింది. అప్పు తీర్మానం చేసే రోజు సమితి మీటింగులో కూర్చుంటే తెలుస్తుంది. చాప మీద అందరూ కూర్చుంటారు. లెక్కలు రాసే అమ్మాయి రిజిస్టర్ తీసి పైకి చదువుతుంది: ఫలానా ఆమె, పొదుపు ఇంత, పాత అప్పు ఇంత, కిస్తీలు తప్పినవి రెండు, ఇప్పుడు అడిగేది ఇంత, దేనికంటే ఇంటి పైకప్పుకు. అంతే, మాటలు మొదలవుతాయి. ‘పైకప్పు కాదే, తమ్ముడి పెండ్లికిస్తది.’ ‘ఇస్తే ఇయ్యనీ, కడుతది గదా.’ ‘పోయినసారి నేనే జమానతు ఉన్న, ఈసారి నువ్వుండు.’ అడిగిన ఆమె అక్కడే తలవంచుకుని కూర్చుంటుంది, మధ్యలో తలెత్తి ఒక మాట అంటుంది. చివరికి అడిగినదాంట్లో కొంత తగ్గించి ఇస్తారు. ఏ బ్యాంకు మేనేజరూ అరగంటలో ఇంత విచారణ చెయ్యలేడు. ఆ డబ్బు వాళ్లది కాబట్టి చేస్తున్నారు. బయటి నుంచి వచ్చిన డబ్బైతే ‘ఎవడబ్బ సొమ్ము’ అని అడిగినంతా ఇచ్చి పడేసేవాళ్లు. గవర్నమెంటు లోను అంటే మన మనసు ఎట్లా మారుతుందో మీకు వేరే చెప్పాలా? (నవ్వులు)

సమితులు విడివిడిగా ఉండిపోలేదు. చుట్టుపక్కల సమితులు కలిసి సమాఖ్య పెట్టుకున్నాయి. లెక్కలు సరిచూడటం, లెక్కలు రాసే అమ్మాయిలకు శిక్షణ, ఒక సమితిలో మిగిలిన డబ్బు ఇంకో సమితికి అప్పుగా వెళ్లేట్టు చూడటం. సభ్యురాలు చనిపోతే ఆమె అప్పు పిల్లల నెత్తిన పడకుండా అందరూ కలిసి నిధి పెట్టుకోవడం. చావు ప్రమాదాన్ని ఒక్క ఊరి సమితి మోయలేదు. ఒక ఏడాది రెండు చావులొస్తే పొదుపంతా కరిగిపోతుంది. చాలా సమితులు కలిస్తే మోయగలవు. కలవడం వల్ల ఏమొస్తుందని అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

ఆ పునాది మీద 2000లో ముల్కనూరు మహిళా పాల సంఘం వచ్చింది. ఊరూరా ఆడవాళ్ల పాల సంఘాలు, వాటన్నిటి మీద ఒక యూనియన్, డైరెక్టర్లందరూ ఆడవాళ్లే. స్వకృషి అని ప్యాకెట్ మీద పేరు మీరు చూసే ఉంటారు. పాల డైరీ అనేది తేలిక వ్యాపారం కాదు. పాలు సాయంత్రానికి విరిగిపోతాయి, కరెంటు పోతే నష్టం, మార్కెట్లో పెద్ద పెద్ద కంపెనీలు. ఈ ఆడవాళ్లు ఎట్లా నెగ్గుకొచ్చారని చాలామంది ఆశ్చర్యపోయారు. నాకైతే ఆశ్చర్యం వెయ్యలేదు. వాళ్లు అప్పటికి పదేళ్లుగా పొదుపు పుస్తకాలు నడుపుతున్నారు. మహాసభ పెట్టడం, లెక్క అడగడం, నచ్చని అధ్యక్షురాలిని దించెయ్యడం, అన్నీ నేర్చుకునే వచ్చారు. డైరీకి చదువు పొదుపు సమితిలో అయ్యింది.

పొద్దున్నే పాల కేంద్రం దగ్గర నిలబడితే ఈ సంఘాల మధ్య చుట్టరికం కళ్లారా కనబడుతుంది. ఇంకా చీకటి విచ్చకముందే స్టీలు గిన్నెలు, క్యాన్లు లైన్లో ఉంటాయి. సభ్యురాలు పాలు పోస్తుంది, టెస్టర్ చిన్న సీసాలో శాంపిల్ తీసుకుంటాడు, మెషీన్ మీద వెన్న శాతం వస్తుంది, చీటీ మీద లీటర్లు, వెన్న, ధర. ఆమె చీటీ చూసి ‘నిన్నటికంటే తగ్గిందేంది’ అని నిలదీస్తుంది. ‘వరిగడ్డే వేస్తున్నవా, దాణా తగ్గించినవా’ అంటాడు. ఆ బర్రె కొన్నది పొదుపు సమితి అప్పుతో. కిస్తీ కట్టేది పాల బిల్లుతో. వరిగడ్డి వచ్చింది సొసైటీ అప్పుతో వేసిన పొలం నుంచి. మరి ఈ మూడు సంఘాల లెక్కలూ ఆమె తలలో ఒక్క లెక్కే కదా. ఆమెకున్న తెలివి సంఘాల పాలకవర్గాలకు ఉంటే చాలంటాను.

ఇక్కడ చట్టం మాట కొంచెం చెప్పాలి, బోర్ కొట్టినా వినాలి. 1964 సహకార చట్టం కింద సంఘంలో ప్రభుత్వానికి వాటా ధనం ఉండొచ్చు, సంఘాల మీద ప్రభుత్వం పెట్టిన అధికారి, రిజిస్ట్రార్‌కు పెద్ద అధికారాలుంటాయి. పాలకవర్గాన్ని రద్దు చెయ్యొచ్చు, దాని బదులు పర్సన్ ఇన్‌చార్జి పేరుతో తన మనిషిని కూర్చోబెట్టొచ్చు. ఎన్నికలు వాయిదా మీద వాయిదా పడ్డ రోజులు మీలో పెద్దవాళ్లకు గుర్తే. 1995లో మన రాష్ట్రం పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. మ్యాక్స్ చట్టం అంటాం. దేశంలో అట్లాంటిది అదే మొదటిది. ప్రభుత్వ వాటా ధనం ఉండదు, నియమావళి సభ్యులే రాసుకుంటారు, తప్పొప్పులకు సభ్యులే బాధ్యులు. తర్వాత బీహార్, కర్ణాటక, ఒడిశా లాంటి రాష్ట్రాలు ఇదే దారి పట్టాయి. పొదుపు సమితులు, ముల్కనూరు మహిళా డైరీ ఈ చట్టం నీడనే పెరిగాయి.

ఆ నీడ కూడా ఊరికే నిలబడలేదు. 2006లో ప్రభుత్వం సవరణ తెచ్చి పాల సంఘాలను మ్యాక్స్ చట్టం నుంచి తీసి మళ్లీ పాత చట్టంలోకి నెట్టింది. పాల సంఘాలు హైకోర్టుకు వెళ్లాయి, గెలిచాయి. ప్రభుత్వ పక్షం సుప్రీంకోర్టుకు పోయింది. 2011 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా ఆ సవరణ చెల్లదంది. సభ్యులు ఇష్టపడి చేరిన సంఘం రూపాన్ని వాళ్లను అడగకుండా మార్చడం సంఘం పెట్టుకునే హక్కుకే దెబ్బ అన్నది దాని సారాంశం. అన్నేళ్ల పోరాటం ఒక్క డైరీ వల్ల అయ్యేదా? లాయరు ఫీజుకే సగం సంఘాలు చేతులెత్తేసేవి. సంఘాలు కలిసి ఉండటానికి ఇంతకంటే కారణం ఏం కావాలి?

2010 కూడా గుర్తు చేసుకోండి. మైక్రోఫైనాన్స్ కంపెనీల వాళ్లు వారం వారం ఇంటి ముందు కూర్చున్న రోజులు. ఒక కంపెనీ అప్పు కట్టడానికి ఇంకో కంపెనీ అప్పు. ఆత్మహత్యల వార్తలొచ్చాయి. ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెస్తే గానీ ఆగలేదు. ఆ కంపెనీలు, మన పొదుపు సమితులు చేసే పని పైకి ఒకటే: ఆడవాళ్లకు చిన్న అప్పులు. కానీ సమితిలో వడ్డీ రూపాయి తిరిగి సభ్యురాలి పుస్తకంలోకే వస్తుంది. కంపెనీలో వడ్డీ రూపాయి ఊరు దాటి ఎక్కడో వాటాదారుడి దగ్గర తేలుతుంది. ఇంతకుముందు తవుడు సంగతి చెప్పాను చూడండి, అదే కథ.

విదేశాల మాట ఎత్తితే మీకు నిద్రొస్తుందని తెలుసు, ఒక్కటే చెప్తాను. ముల్కనూరు మొదలైన 1956లోనే స్పెయిన్‌లో, బాస్క్ ప్రాంతంలో, మోంద్రాగోన్ అనే చిన్న ఊళ్లో ఐదుగురు కుర్రవాళ్లు స్టవ్‌లు చేసే సహకార ఫ్యాక్టరీ ఒకటి పెట్టారు. ఆ ఊరికి 1941లో వచ్చిన ఒక ఫాదర్, అరిస్‌మెందియారియేత అని పలకడానికి కష్టమైన పేరు, ముందు పనితనం నేర్పే బడి పెట్టాడు. ఆ బడి పిల్లలే వీళ్లు. మూడేళ్లకు, 1959లో, ఊరి పొదుపు బ్యాంకు పెట్టారు. జనం దాచిన డబ్బుతో ఇంకో ఫ్యాక్టరీ, దాని పక్కన ఇంకోటి. అక్కడి సహకార ఫ్యాక్టరీల పనివాళ్లకు ప్రభుత్వ సామాజిక భద్రత వర్తించదన్నారు, మీరే యజమానులు కదా అని. సరే అని సంఘాలన్నీ కలిసి తమ పెన్షన్, వైద్యం తామే చూసుకునే సంస్థ పెట్టుకున్నాయి. లాభం వచ్చిన సంఘం కొంత ఉమ్మడి నిధిలో వేస్తుంది, నష్టం వచ్చిన సంఘానికి అందులోంచి ఆసరా.

మంచి మాటలే చెప్పి ఆపితే మోసం అవుతుంది. ఆ మొదటి స్టవ్‌ల ఫ్యాక్టరీ పెరిగి పెరిగి, ఫ్యాగోర్ అనే పేరుతో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు చేసే పెద్ద సంస్థ అయ్యింది. 2008 తర్వాత స్పెయిన్‌లో ఇళ్ల కట్టుబడి కూలిపోతే ఫ్రిజ్‌లు కొనేవాడే లేడు. తోటి సంఘాలు డబ్బు పోశాయి, మళ్లీ పోశాయి. 2013లో ఇక పొయ్యలేం అని తీర్మానించాయి. ఫ్యాగోర్ దివాలా తీసింది. తర్వాత ఏం చేశాయో అది ముఖ్యం. రోడ్డున పడ్డ సభ్య కార్మికుల్లో వందల మందిని మిగతా సంఘాలు తమ ఫ్యాక్టరీల్లోకి తీసుకున్నాయి. కొందరికి ముందస్తు పెన్షన్ ఇచ్చాయి. మునిగే పడవను పట్టుకుని అందరూ మునగలేదు, ఈదుతున్న మనుషులను మాత్రం పైకి లాగారు. నాకు ఇందులో రెండూ నచ్చాయి. సాయం చెయ్యడమూ, ఎక్కడ ఆపాలో అందరూ కూర్చుని తేల్చుకోవడమూ.

సాయం పేరుతో మనవాళ్లు చేసే పనులు వేరే ఉంటాయి, ఆడిటర్‌గా అవీ చూశాను. ఒకే మనిషి మూడు సంఘాల్లో డైరెక్టర్. ఒక సంఘం డబ్బు ఇంకో సంఘానికి, అక్కడి నుంచి ఆయన బామ్మర్ది పేరు మీద. తీర్మానం పుస్తకంలో సంతకాలన్నీ ఒకే సిరాతో, ఒకే చేతి వాటంతో. 2001 ప్రాంతంలో హైదరాబాద్‌లో సహకార అర్బన్ బ్యాంకులు కొన్ని కుప్పకూలినప్పుడు రిటైరైన ఉద్యోగులు బ్యాంకు గేట్ల ముందు ఎండలో నిలబడ్డారు. దాని తర్వాత చాలా ఏళ్లు ‘సహకార’ అనే మాట వింటేనే పట్నంలో జనం జేబు పట్టుకున్నారు. సంఘాలు కలవడమంటే పెద్దమనుషులు కలవడం కాదు. పెద్దమనుషులు ఎప్పుడూ కలిసే ఉంటారు, వాళ్లకు మన సభలక్కర్లేదు. (నవ్వులు, చప్పట్లు) కలవాల్సింది లెక్కల పుస్తకాలు, మహాసభలు.

అంతర్జాతీయ సహకార కూటమి 1966లోనే సంఘాల మధ్య సహకారం అనే సూత్రం రాసిపెట్టింది. 1995లో మాంచెస్టర్‌లో ఏడు సూత్రాలు ఖరారు చేసినప్పుడు అది ఆరోదైంది, ఏడోది ఊరి బాగోగులు. 2012ను, 2025ను ఐక్యరాజ్యసమితి సహకార సంవత్సరాలుగా ప్రకటించింది. మన ఆఫీసు గోడలకు ఆ ఏడు సూత్రాల చార్టు ఉంటుంది. ఆరోదాని మీద క్యాలెండర్ వేలాడుతుంటుంది, మీరే వెళ్లి చూడండి.

సరే, రేపటి నుంచి ఏం చెయ్యొచ్చు? మిల్లు, డైరీ, బ్యాంకు అని పెద్ద పేర్లు అక్కర్లేదు. అన్నిటికంటే చిన్న పని, ఖర్చు లేని పని: ఈ మండలంలోని సంఘాలన్నీ తమ నెలవారీ నిల్వల లెక్కను ఒక్క కాగితం మీద పక్కపక్కన రాయండి. ఏ నెల ఎవరి దగ్గర డబ్బు మిగులుతుంది, ఏ నెల ఎవరికి కావాలి. పొదుపు సమితికి యాసంగి పంట అమ్మే ఎండాకాలంలో మిగులుతుంది, వానాకాలం సాగు మొదలయ్యాక చాలదు. పాల సంఘానికి ఎండాకాలం పాలు తగ్గి రాబడి పడిపోతుంది, చలికాలం పాలు పెరిగి పుష్కలం. ఆ రెండింటి ఎత్తుపల్లాలు ఒక్కసారి రావు. అందుకే అవి ఒకదానికొకటి పనికొస్తాయి. ఒకటే పంట మీద బతికే రెండు సొసైటీలు ఒకదానికొకటి అంతగా పనికిరావు. వాన తప్పితే రెండూ ఒకేసారి బోర్లాపడతాయి.

రెండోది, కొనుగోళ్లు. రిజిస్టర్లు, పాస్‌బుక్కులు, కంప్యూటర్, టోనర్, ఇన్వర్టర్ బ్యాటరీలు, ఒక్కో సంఘం ఒక్కో షాపులో విడిగా కొంటోంది. లెక్కలు రాసేవాళ్లకు జీతం ఇవ్వలేని చిన్న సమితులు మూడు కలిసి ఒక మనిషిని పెట్టుకుంటే ఆ మనిషికీ బతకగలిగే జీతం వస్తుంది, పుస్తకాలూ సకాలంలో పూర్తవుతాయి. నేను చూసిన మూతపడ్డ చిన్న సంఘాల్లో చాలావాటిని దొంగలు ముంచలేదు. లెక్క రాసే పిల్ల పెండ్లయి వెళ్లిపోయింది, ఇంకొకరు దొరకలేదు, ఆరు నెలల్లో ఎవరి పొదుపు ఎంతో ఎవరికీ తెలియకుండా పోయింది, అంతే.

తవుడు సంగతి మీ సొసైటీ, పాల సంఘం పాలకవర్గాలు కూర్చుని తేల్చుకోండి. దాణా మిల్లు పెట్టమని చెప్పడం లేదు. మక్కలు, తవుడు, పత్తి గింజల చెక్క కలపడానికి ముందు చిన్న మిక్సర్ చాలు. ధర ఎట్లా? సొసైటీ మార్కెట్ రేటుకే అమ్మాలి, డైరీ మార్కెట్ రేటుకే కొనాలి. చుట్టాలం కదా అని తగ్గించి ఇస్తే వచ్చే ఏడాది మహాసభలో కొట్లాట ఖాయం. మిగిలేది మధ్యలో రవాణా, వ్యాపారి లాభం. అదే చాలు.

పట్నంలో కాలనీ వాళ్లకు ఇవన్నీ వర్తించవనుకుంటారు. కాలనీ వినియోగదారుల స్టోరు ఉంటే దానికి బియ్యం ఎక్కడివి? ఆ చుట్టుపక్కల సొసైటీ మిల్లు నుంచి తెచ్చుకోవచ్చు. పాలు మహిళా డైరీ నుంచి. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ 1990 నుంచి పనిచేస్తోంది. అక్కడా ఆడవాళ్ల పొదుపు సంఘాలున్నాయి. సేంద్రియ రైతులు ధరణి అనే మ్యాక్స్ సంఘం పెట్టుకుని కొర్రలు, వేరుశనగ, తాము పండించినవి తామే శుద్ధి చేసి పట్నానికి అమ్ముతున్నారు. కరువు సీమలో చేయగలిగితే చెరువుల సీమలో మనకేం అడ్డం?

ప్రశ్నలకు టైమ్ ఇవ్వమన్నారు, అడగండి.

(ఒక పొదుపు సమితి అధ్యక్షురాలు: ‘సార్, మీరు చెప్పింది బాగానే ఉంది. మా సమితి పైసలు పాల సంఘానికి అప్పిస్తే, రేపు అది మునిగితే మా ఆడోళ్లకు నేనేం జవాబు చెప్పాలె?’)

అక్కా, ఈ సభలో అడగాల్సిన ప్రశ్న ఇదే. ఇవ్వమని నేను చెప్పను, ఎట్లా ఇవ్వాలో చెప్తాను. ముందు మీ మహాసభలో పెట్టండి. పాలకవర్గం ఒక్కటే తీర్మానం చేసి ఇవ్వొద్దు. రెండు సంఘాల్లోనూ ఉన్న మనిషి ఆ తీర్మానంలో చెయ్యెత్తకూడదు, బయటికి వెళ్లి చాయ్ తాగి రావాలి. మీ మొత్తం పొదుపులో పదో వంతు దాటొద్దు, అది నా సొంత లెక్క, మీరు ఇంకా తగ్గించుకోవచ్చు. ఆరు నెలలకు మించి ఇవ్వొద్దు, పాలు బాగా వచ్చే కాలంలో గడువు ముగిసేట్టు చూసుకోండి. వడ్డీ మీ సభ్యురాలికి ఇచ్చే రేటుకు తగ్గకూడదు. పాల సంఘం ఆడిట్ రిపోర్టు మీ సమితి మీటింగులో పైకి చదివించండి, మీరు సభ్యురాలి అప్పు దరఖాస్తు చదివించినట్టే. అది చదివించడానికి ఒప్పుకోని సంఘానికి రూపాయి కూడా ఇవ్వకండి.

(ఆమె: ‘చదివిస్తే అర్థమైతదా మాకు?’)

మీకు అర్థం కాని ఆడిట్ రిపోర్టు రాసినవాడిదే తప్పు. నన్ను పిలవండి, కూర్చుని చదువుదాం. పాల సంఘం కార్యదర్శి కూడా ఇక్కడే ఉన్నారు. రిపోర్టు ఏ నెల ఇస్తారో ఈ మైకులోనే చెప్పించండి.